జ్వరం మనిషి చేతి ముద్ద

ఇబ్రహీంపట్నంలో ఎవరింట్లో జ్వరం ముదిరినా ఈమధ్య ముందుగా ఒక మనిషి మా గడపకు వస్తున్నాడు. "పంతులమ్మా, ఆ సిస్టరమ్మ ఇంట్ల మంచిగ జూస్తరా? మా దాన్ని ఆడ పండవెట్టొచ్చునా?" అని అడుగుతున్నాడు. పండబెట్టొచ్చు అంటాను. అనేటప్పుడు ప్రతిసారీ గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అబద్ధమాడేవాళ్లకు అడ్డం పడాలి గాని నిజం చెబుతున్న నాకెందుకు పడుతుందో, అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. జ్వరం తగ్గింది, జుట్టు మళ్లీ మొలుస్తోంది, చెయ్యి వణకకుండా కలం పట్టుకోగలుగుతున్నాను. ఈర్ష్య మాత్రం తగ్గలేదు. అది తగ్గేదాకా ఆగి రాద్దామంటే ఈ జన్మకు అయ్యే పని కాదు.

నేను ఊళ్లో ఆడపిల్లలకు చదువు చెప్పేదాన్ని. దయ్యాల మీద, తాయెత్తుల మీద, ముట్టు మైల మీద పత్రికలకు వ్యాసాలు రాసేదాన్ని. పురోహితుడు లేకుండా పెళ్లి చేసుకున్నదాన్ని. పట్నంలో ఒక మహిళాసభలో "పిల్లల పెంపకాన్ని తల్లి సహజజ్ఞానానికే వదలవచ్చునా?" అని వాదం పెట్టినప్పుడు, వదలకూడదని లేచి మాట్లాడాను. కన్నంత మాత్రాన పెంచడం రాదన్నాను. తల్లిప్రేమ అనే గుడ్డిదాని చేతిలో ఈ దేశంలో ఎందరు పసివాళ్లు ఆముదం తాగి, వాతలు పెట్టించుకుని చచ్చిపోతున్నారో చూడమన్నాను. శిక్షణ పొందిన పరాయి చెయ్యి, శిక్షణ లేని సొంత చేతికంటే మేలన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆనాడు నా కూతురు విమల నా ఒళ్లోనే నిద్రపోతోంది.

సర్వధారి ఆషాఢంలో, అంటే 1948 నడివేసవి దాటి వానలు మొదలైన రోజుల్లో, నాకు జ్వరం వచ్చింది. మా వారు సత్యాగ్రహం చేసి అప్పటికే పట్నం జైల్లో ఉన్నారు. బడి మూతపడింది. రజాకార్ల లారీ రోడ్డున పోతే ఊరంతా తలుపులు వేసుకునేది. బొంగులూరులో ఉన్న మా అత్తమ్మ, అక్కడ ఇళ్లమీద పడుతున్నారని చెప్పి మూట కట్టుకుని నా దగ్గరకే వచ్చింది. నాలుగేళ్లు నిండని పిల్లను పంపడానికి నాకు పుట్టింటివైపుగానీ అత్తింటివైపుగానీ ఒక క్షేమమైన గుమ్మం మిగలలేదు. కాబట్టి ఒళ్లు కాలిపోతున్న నేను, అత్తమ్మ, పిల్ల ముగ్గురం ఒకే బండిలో సిస్టరమ్మ ఇంటికి వెళ్లాం.

అది ఊరి బయట, పట్నం బాట పక్కన ఒక పొడుగాటి పెంకుటిల్లు. ముందుగదిలో జ్వరం వాళ్ల మంచాలు. వెనక వంటిల్లు, దాన్ని ఆనుకుని రోగుల వెంట వచ్చినవాళ్లు పడుకునే కొట్టం. ముందుగదికీ వీటికీ నడుమ బావి ఉన్న వాకిలి. పూర్వం పట్నం నుంచి ఒక దొరసాని డాక్టరు వచ్చి పోతుండేది. గడబిడలు మొదలయ్యాక ఆమె రావడం మానేసింది. మిగిలింది ఊరంతా సిస్టరమ్మ అని పిలిచే రూతమ్మ ఒక్కతే. నాదర్‌గుల్ మనిషి. దొరసాని దగ్గర నర్సుపని నేర్చుకున్న క్రైస్తవురాలు. నల్లగా, గట్టిగా, ఎవరితోనూ నవ్వకుండా ఉండేది.

వరండాలో మాకంటే ముందు వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు. గోడకు ఆనుకునే చోటు ఒక ముసలమ్మ ఆక్రమించుకుంది. నన్ను చూసి ఏమీ అడగకుండా తన మూట పక్కకు జరిపి "ఇట్ల ఆనుకో బిడ్డా" అంది. ఆ గోడ చల్లదనం ఇప్పటికీ నా వీపుకు తెలుసు. ఇంతలో రోడ్డున లారీ శబ్దం. అందరి మాటలూ ఆగిపోయాయి. మూలుగుతున్నవాళ్లు మూలుగు ఆపారు. లారీ దాటిపోయాక మళ్లీ మూలుగు మొదలైంది. రోగం కూడా భయపడే కాలం అది.

రూతమ్మ నా నాలుక చూసింది, పొట్ట నొక్కింది, మోతీజరా అంది. మా ఊళ్లో విషజ్వరం అనేది, డాక్టర్లు టైఫాయిడ్ అనేది అదే. తర్వాత అత్తమ్మ వైపు తిరిగింది.

"ఈమెను ఎవరు జూసుకుంటరు?"

"నేనే. అత్తను."

"పిల్లకు బువ్వ ఎవరు పెడ్తరు?"

"అదీ నేనే. ఇంకెవరున్నరు మాకు?"

"ఒక్క మనిషి రెండూ చేసేది లేదు ఈడ. జ్వరం మనిషి గిన్నెలు, బట్టలు ముట్టిన చెయ్యి పిల్ల నోటికి పోవద్దు. చెప్పు అవ్వా. కోడలా, మనుమరాలా?"

అత్తమ్మ నన్నూ పిల్లనూ మార్చి మార్చి చూసింది. "మరి పిల్లకెవరు పెడ్తరు?" అంది చివరికి.

"నేను పెడ్త. నేను జ్వరం గదిల కెల్లి వచ్చేటప్పుడు చీరె మార్చి, మందునీళ్లల్ల చేతులు కడుగుత. నీకు అది చేతగాదు. ఇంతకుముందు ఇట్లనే ఒకామె, కడుగుత కడుగుత అనుకుంట కొడుకును పోగొట్టుకున్నది."

"నీ చేతిబువ్వ మా పిల్ల..." అని అత్తమ్మ ఆగింది. ఆగినచోట ఏముందో ముగ్గురికీ తెలుసు.

"ఆకలైతే తింటది. పిల్లలకు కులం ఎవరన్న చెప్తెనే యాదికుంటది," అంది రూతమ్మ.

అప్పుడు గోడకు ఆనుకుని ఉన్న నేను తల పైకెత్తి, "ఆమె చెప్పిందే శాస్త్రం అత్తమ్మా. ఒప్పుకో," అన్నాను. నా కూతుర్ని నా దగ్గరనుంచి వేరుచేసిన నియమానికి మొదటి ఓటు నేనే వేశాను. ఇంకోసారి అడిగినా వేస్తాను. పోట్లాడటానికి ఎదుటివైపు తప్పంటూ ఉంటే నాకింత కష్టం ఉండేది కాదు.

తర్వాతి రోజులు నాకు వరుసగా గుర్తులేవు. దాహం గుర్తుంది. చెవుల్లో తాటాకుల మీద గాలి వీచినట్టు ఒక హోరు. మంచం కింద నీళ్లు పారుతున్నాయని, అందులో విమల ఒక్కతే నిలబడి ఉందని అరిచేదాన్నట. అత్తమ్మ తడిగుడ్డ మారుస్తూ ఉండేది. రూతమ్మ వచ్చి నన్ను పక్కకు తిప్పి వీపు తుడిచి పోయేది. మనిషిని తిప్పడంలో కూడా ఇంత నేర్పు ఉంటుందా అనిపించేది. అత్తమ్మ తిప్పితే ఎముకలు అరిచేవి. ఆమె తిప్పితే నిద్ర మధ్యలో తెగేది కాదు. నా పక్క మంచంమీద గాజులమ్మే సాయిబు భార్య ఉండేది. ఆమెకూ ఇదే జ్వరం. స్పృహ ఉన్నప్పుడు మేమిద్దరం ఒకరి పెదవులు ఒకరం చూసుకునేవాళ్లం, ఎవరివి ఎక్కువ పగిలాయో అని. నిజం చెప్పాలంటే ఆమెకు ఎన్ని చెంచాల బార్లీనీళ్లు పోశారో, నాకు ఎన్ని పోశారో కూడా చూసేదాన్ని. ఒక్కనాడూ తేడా దొరకలేదు.

శ్రావణంలో జ్వరం దిగింది. దిగిన తర్వాత అసలు బాధ మొదలైంది. ఒళ్లంతా ఆకలే. పేగులు పుండ్లుగా ఉన్నాయి, గట్టి పదార్థం పడితే చిల్లుపడుతుందని గంజితేట, మజ్జిగతేట తప్ప ఏదీ ఇచ్చేవాళ్లు కాదు. లేచి కూర్చుంటే కళ్లు తిరిగేవి. చేయగలిగిన పని ఒక్కటే, తలవైపు ఉన్న కిటికీలోంచి చూడటం. ఆ కిటికీ వాకిట్లోకి తెరుచుకుంటుంది. ఎదురుగా వంటింటి మెట్టు. ఆ మెట్టుమీద కూర్చుని రూతమ్మ నా కూతురికి బువ్వ పెట్టేది.

గంజిని రెండు గిన్నెల్లో అటూ ఇటూ పోసి చల్లార్చేది. మామూలుగా గోడలా ఉండే ఆ ముఖం అప్పుడు మారిపోయేది. "ఎవరొచ్చిండ్రు? పిట్టొచ్చిందా? పిట్ట తింటదట, జల్ది తిను," అనేది. పిల్ల పడీపడీ నవ్వేది. నా చేతిముద్దకు నా కూతురు ఎన్నడూ అలా నవ్వలేదు. నేను ముద్ద పెట్టేటప్పుడు పుస్తకం చదువుతూ పెట్టేదాన్ని మరి.

వాకిట్లో బావిపక్కన బట్టలుతికే చాకిబండ ఒకటి ఉండేది. పిల్లలు ఆ బండ దాటి జ్వరం గదివైపు రాకూడదు. విమల రోజూ ఆ బండ దగ్గరకు వచ్చి నిలబడేది. నేను కిటికీ ఊచలు పట్టుకుని "ఏం తిన్నవ్ బిడ్డా?" అని అడిగేదాన్ని.

"సిస్టరమ్మ పప్పుకట్టు పోసింది."

"తల ఎవరు దువ్విండ్రు?"

"సిస్టరమ్మ."

"నా తాన పండుకోబుద్ధి అయితలేదా?"

"నువ్వు జ్వరం మనిషివి కదా," అని చెప్పి పరుగెత్తిపోయింది. అందులో కోపం లేదు, దిగులు లేదు. నీళ్లు తడిగా ఉంటాయని చెప్పినట్టు చెప్పింది.

ఆనాటినుంచి నేను రూతమ్మలో తప్పు వెతకడం మొదలుపెట్టాను. నాకు వేరే పని లేదు. ఆమె జ్వరం గదిలోంచి బయటికి పోతే చేతులు కడుగుతుందా లేదా అని ఊచలకు ముఖం ఆనించి చూసేదాన్ని. కడిగేది. చీర మార్చకుండా ఎప్పుడైనా వంటింట్లో అడుగు పెడుతుందేమో అని చూసేదాన్ని. పెట్టేది కాదు. నీళ్లు తెర్లేదాకా కాస్తుందా అని పొయ్యిమీది ఆవిరి గమనించేదాన్ని. కాచేది. ఒకరోజు వానకు కట్టెలు తడిసి పొయ్యి రాజుకోలేదు. ఇవాళ దొరికిపోయిందనుకున్నాను. కొట్టం లోపలి ఎండుదడి విరిచి పొయ్యిలో పెట్టి నీళ్లు కాచింది. ఆ మధ్యాహ్నం నాకు కలిగినంత నిరాశ జైలునుంచి మా వారి కబురు రానప్పుడు కూడా కలగలేదు.

పాఠకులు నన్ను తప్పుపట్టవచ్చు. కానీ ఒక మాట ఆలోచించండి. దవాఖాన ఎట్లా ఉందో తెలుసుకోవడానికి సర్కారు అప్పుడప్పుడూ తనిఖీదారును పంపుతుంది. అతడు వచ్చేనాటికి గోడలకు సున్నం వేసి ఉంటుంది. ఎదుటిమనిషి ఓడిపోవాలని కోరుకుంటూ, కన్నార్పకుండా, మంచంమీదినుంచి వారాల తరబడి చూసే కన్నుకు ఏ సున్నమూ అడ్డం రాదు.

తప్పు చివరికి దొరికింది. ఒకనాడు మెట్టుమీద విమల కళ్లు మూసుకుని, చేతులు జోడించి, పెదవులు కదిపి "ఆమేన్" అంది. తర్వాత నోరు తెరిచింది. నేను మంచంమీదినుంచి అరిచిన అరుపుకు సాయిబు భార్య ఉలిక్కిపడి లేచి కూర్చుంది. రూతమ్మ పిల్లకు పెట్టడం పూర్తయ్యేదాకా కదలలేదు. తర్వాత తీరిగ్గా వచ్చింది.

"ఏందమ్మా గట్ల మొత్తుకుంటున్నవ్? పేగులు చిరుగుతయ్."

"నా పిల్లకు ప్రార్థన నేర్పినవా? మా ఇంట్ల ఏ దేవునికీ దండం పెట్టరని నీకు ఎరుకనా?"

"ఎరుకనే. ఊరంతకు ఎరుకనే. అది గంజి ముందర ఊకె కూసుంటదా? గిన్నెల చెయ్యి పెడ్తది, కాల్చుకుంటది. కండ్లు మూసి చేతులు జోడించుమంటే గంజి సల్లారేదాక ఆగుతది."

"అయితే ఎక్కం చెప్పించు. రెండో ఎక్కం."

"రెండో ఎక్కం అయ్యేసరికి గంజి గడ్డకడ్తది. మా ప్రార్థన సక్కగ గంజికి సరిపోయేటంత ఉంటది."

పక్కమంచం నుంచి సాయిబు భార్య నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దేవుడు లేడని పదిమంది ముందు వాదించి గెలిచినదాన్ని, గంజి చల్లారే లెక్కముందు ఓడిపోయాను. మర్నాటినుంచి విమల "రెండు రెండ్ల నాలుగు" దాకా చెప్పి, ఆపైన ఆమేన్ అనడం మొదలుపెట్టింది. రూతమ్మ నా మాటా నిలబెట్టింది, తన మాటా నిలబెట్టుకుంది.

అత్తమ్మ సంగతి వేరే. వచ్చిననాడు రూతమ్మ చేదిన నీళ్లు తాగనని బావిలో తానే చేదుకున్న మనిషి, శ్రావణం సగమయ్యేసరికి రూతమ్మ పక్కన కూర్చుని వక్క కొరుకుతోంది. "దాని చేతిల ఏముందో గని, మన విమల బుగ్గలు జూడు, ఎట్ల పొంగినయో," అని నాతో అంది. నేను గోడవైపు తిరిగాను. ఆమె నా వీపుమీద చెయ్యి వేసి, "జ్వరం దిగింది పిల్లా, ఇగ నీకున్నది కడుపుమంట. దానికి సిస్టరమ్మ తాన మందు లేదు," అంది.

"నువ్వు పోయి ఆమె పక్కకే కూసో," అన్నాను.

"కూసుంట. ఆడ నవ్వులన్న ఉన్నయ్," అంది మా అత్తమ్మ.

భాద్రపదంలో ఆకాశంలో విమానాలు వచ్చాయి. యూనియన్ సైన్యం కదిలిందని, పట్నంమీద బాంబులు వేస్తారని, రజాకార్లు పోతూ పోతూ ఊళ్లు తగలబెడతారని, గంటకో మాట వరండాలోకి వచ్చేది. మొదటి విమానం మా పెంకులు అదిరేంత కిందనుంచి పోయినప్పుడు విమల వాకిలి నడుమ, సరిగ్గా చాకిబండ మీద ఆడుకుంటోంది. నేను కిటికీ దగ్గర ఉన్నాను. రూతమ్మ వంటింటి మెట్టుమీద ఉంది. ఇద్దరం ఒక్కసారే "విమలా" అని పిలిచాం. పిల్ల నావైపు చూసింది, ఆమెవైపు చూసింది, ఆమె దగ్గరకు పరుగెత్తి చంకెక్కి మెడ కరుచుకుంది.

నియమం ప్రకారం అదే సరి. బండ దాటి నావైపు వస్తే నేనే వెనక్కి పొమ్మనవలసి ఉండేది. అయినా ఆ క్షణంలో ఒక బాంబు పడి ఆ ఇల్లూ మేమూ అందరం పోయినా బాగుండుననుకున్నాను. తర్కం చదివినవాళ్ల మనసులోకి కూడా ఇలాంటి మాటలు వస్తాయి.

నాలుగైదు రోజుల్లో అంతా తారుమారైంది. నిజాం లొంగిపోయాడు. నిన్నటిదాకా తలుపులు వేసుకున్నవాళ్లు జెండాలతో రోడ్డెక్కారు. లారీలమీద తిరిగినవాళ్లు మాయమయ్యారు. దెబ్బ మాత్రం ఎవరి జోలికీ పోనివాళ్లమీద కూడా పడింది. గాజుల సాయిబు దుకాణం లూటీ అయింది. ఆయన ఎక్కడున్నాడో తెలియక ఆ భార్య మంచంమీద కొయ్యలా బిగుసుకుపోయింది. కర్రలు పట్టుకుని ఇద్దరు వచ్చి, లోపల ఎవరెవరున్నారని రూతమ్మను అడగడం నేను విన్నాను.

"లోపల జ్వరాలున్నయ్. మీకు గావాల్నా?" అంది రూతమ్మ. వాళ్లు వెళ్లిపోయారు.

ఆ పూట కూడా బార్లీనీళ్లు ఆమె మంచానికీ నా మంచానికీ ఒకే కొలతలో వచ్చాయి. రాజ్యం మారినా కొలత మారలేదు. చూశాను, ఒప్పుకున్నాను, పళ్లు కొరుక్కున్నాను.

కొన్నాళ్లకు ఒక మిలిటరీ డాక్టరు కొత్త అధికారుల వెంట ఊరికి వచ్చాడు. కృష్ణాజిల్లావాడట. దొరసాని లేని ఈ ఇంటిని నడవనివ్వాలా, మూసేసి రోగులను పట్నం పంపాలా అని తేల్చడానికి వచ్చాడు. అప్పటికి నేను గోడ పట్టుకుని నడుస్తున్నాను. వరండాలో బల్ల వేసుకుని నన్ను పిలిపించాడు. రూతమ్మ వంటింట్లోనే ఉండిపోయింది, ఆమెను ఎవరూ పిలవలేదు.

"అమ్మా, మీరు చదువుకున్నవారని, వ్యాసాలు రాస్తారని విన్నానండీ. ఊళ్లో పెద్దలు నలుగురు నాతో ఒక మాట చెప్పారు. ఈ నర్సు పసిపిల్లల చేత ప్రార్థనలు చేయిస్తోందట, తన కూడు తినిపించి మతంలో కలిపేసుకుంటోందట. మీ పాపనే ఉదాహరణ చెబుతున్నారు. నిజమేనా?"

నిజమే. నా అరుపు ఊరిదాకా పోయింది. అత్తమ్మ వరండాలో వచ్చేపోయేవాళ్లకు నవ్వుతూ చెప్పిన కథ చేతులు మారి, కోరలు మొలిపించుకుని ఈ బల్ల దగ్గరకు వచ్చింది. ఇప్పుడు నేను "నిజం" అని ఒక్క మాట అని ఊరుకుంటే చాలు. రూతమ్మ నాదర్‌గుల్ బండెక్కుతుంది. విమల రెండు రోజులు ఏడుస్తుంది, మూడోనాడు నా దగ్గరకు వస్తుంది. పైగా నేను చెప్పేది అబద్ధం కూడా కాదు. మతప్రచారాన్ని ఖండించడం నా వ్రతం. ఈర్ష్యకు ఇంత తెల్లని బట్ట ఎన్నడూ దొరకదు.

ఆ నలుగురు పెద్దలెవరో నాకు తెలుసు. వాళ్ల ఫిర్యాదులో దేవుడు ముసుగు మాత్రమే. వాళ్లకు పడనిది ఆ చెయ్యి. ఆ చెయ్యి తమ ఇళ్ల పసిపిల్లల నోటిదాకా పోవడం. నాకు పడనిదీ ఆ చెయ్యే. కారణాలు వేరు. కానీ నా మాటా వాళ్ల మాటా కలిసి ఆ బల్లమీద పడితే, ఏది ఎవరిదో ఆ డాక్టరు వేరుచేసి చూడబోడు. చరిత్రా చూడదు.

"ప్రార్థన నేర్పింది నిజమే," అన్నాను. "అది తప్పే. ఆ తగువు నాకూ ఆమెకూ. అయిపోలేదు, ఇంక నడుస్తున్నది. మీరు మధ్యల రావద్దు."

డాక్టరు ఆశ్చర్యపోయాడు. "మరి కూడు సంగతి?"

"నా పిల్ల ఆమె కూడు తిన్నది, నా జ్వరం తినకుంట బతికింది. నా చేతిబువ్వ తిని ఉంటే ఇప్పుడు మీకు ఉదాహరణ చెప్పనీకి పిల్లనే ఉండకపోవును."

తర్వాత నేను కిటికీలోంచి చూసినదంతా చెప్పాను. చేతులు, చీర, నీళ్లు, విరిచిన దడి, కొలత మారని బార్లీనీళ్లు, కర్రలవాళ్లు. చెబుతున్నకొద్దీ కోపం పెరిగింది. ఇంతగా వెతికినా ఒక్కటీ చేతికి దొరకనివ్వని మనిషి మీద కోపం. కఠినంగా మాట్లాడుతుందని, పెద్దవాళ్ల ముందు నవ్వదని కూడా చెప్పాను, ఏదో ఒకటి మిగలాలని.

"ఇంతకీ ఇక్కడ బాగా చూస్తారంటారా, చూడరంటారా?"

"బాగ చూస్తరు. నాకు ఇష్టం లేనంత బాగ చూస్తరు," అన్నాను.

ఇల్లు నిలిచింది. రూతమ్మ నాకు కృతజ్ఞత చెప్పలేదు. ఆ సాయంత్రం వచ్చి నా వీపు తట్టి చూసి, "గట్టిగ మాట్లాడినవట. దగ్గు వచ్చిందా?" అని మాత్రం అడిగింది.

ఆశ్వయుజంలో ఇంటికి వచ్చాం. మా వారూ జైలునుంచి వచ్చారు. సగమైపోయి, గడ్డం పెరిగి, పిల్ల గుర్తుపట్టదేమో అన్నట్టుగా ఉన్నారు. విమల ఒక్క పూట దూరంనుంచి చూసి, రెండో పూటకు ఆయన ఒళ్లో కూర్చుంది. ఆయన చేత్తో పెట్టిన ముద్ద తింది. నేను గిన్నె అందుకుంటే రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నువ్వు పెట్టొద్దు. నువ్వు జ్వరం మనిషివి."

"జ్వరం పోయింది బిడ్డా. చూడు, ఒళ్లు సల్లగున్నది."

"సిస్టరమ్మ చెప్పలే."

జ్వరం పోయినా కొన్నాళ్లదాకా ఆ విషం మనిషిలో దాగి ఉంటుందని, తొందరపడవద్దని రూతమ్మ నాకూ చెప్పింది. అందుకే ఆ నెలంతా ఊరుకున్నాను. ఉడుకునీళ్లతో చేతులు కడిగి కడిగి తోలు లేచింది. కార్తీకం వచ్చింది. విమల నా పక్కన పడుకుంటోంది, నా జడలేని తల చూసి నవ్వుతోంది, నా వీపెక్కి ఆడుతోంది. ముద్ద మాత్రం ముట్టదు. బాపమ్మ, అదే మా అత్తమ్మ, పెడితే తింటుంది, వాళ్ల బాపు పెడితే తింటుంది. నా ఇంట్లో నేనొక్కదాన్నే అంటరానిదాన్నయ్యాను.

"సుశీలా, చిన్నపిల్ల, మరిచిపోతుందిలే," అన్నారు మా వారు, నోట్లో నవ్వు దాచుకుంటూ.

"మీరు తినిపిస్తున్నరు కదా, మీకట్లనే ఉంటది," అన్నాను. జైలునుంచి వచ్చిన మనిషితో అనవలసిన మాట కాదు. అయినా అన్నాను.

"మొండికెయ్యకు పిల్లా," అంది అత్తమ్మ. "తాళం వేసినామె తానకే పోవాలె."

పోయాను. విమలను నడిపించుకుని, పప్పన్నం డబ్బా కట్టుకుని, ఎండ తగ్గాక ఆ పెంకుటింటికి వెళ్లాను. రూతమ్మ వరండాలో పాతచీరలు చింపి పట్టీలు చుడుతోంది. నన్ను చూసి లేవలేదు. పిల్లను చూసి ఆ గోడముఖం కరిగింది. విమల నా చెయ్యి వదిలేసి వెళ్లి ఆమె మోకాళ్లకు చుట్టుకుంది.

"నా చేతి బువ్వ తింటలేదు. నువ్వు చెప్పలేదంటది," అన్నాను. ఇంతకంటే చేదుమాట నేను జీవితంలో పలకలేదు. ఓడిన వాదాలన్నీ కలిపినా ఇంత చేదు కాదు.

రూతమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా కళ్లు, నాలుక చూసింది. మళ్లీ జ్వరమేమన్నా తగిలిందా, కడుపు ఎట్లా ఉంది అని అడిగింది. బావి దగ్గరకు తీసుకుపోయి, నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, గోళ్ల సందులతో సహా మందునీళ్లతో తానే కడిగింది. చిన్నపిల్ల చేతులు కడిగినట్టు. నేను ఊరుకున్నాను. తర్వాత మమ్మల్ని వంటింటి మెట్టుమీద కూర్చోబెట్టి తాను ఎదురుగా నిలబడింది.

"విమలా, మీ అమ్మకు జ్వరం లేదు ఇగ. మంచిగయింది. అమ్మ చేతిబువ్వ తినొచ్చు."

"నిజంగనా?"

"నిజంగ."

"రేపు గూడనా?"

"రేపు గూడ. ఎప్పటికి."

నేను ముద్ద కలిపాను. రూతమ్మవైపు చూడకుండా కలిపాను. నోటి దగ్గర పెట్టాను. విమల చేతులు జోడించి, రెండు రెండ్ల నాలుగు దాకా గబగబా చెప్పింది. ఆ తర్వాతి మాట కూడా అంది. నేను అడ్డుపడలేదు. నోరు తెరిచింది. తెరిచే ముందు తలెత్తి ఒక్కసారి రూతమ్మ ముఖం చూసింది, తినమంటావా అన్నట్టు. ఆమె కళ్లతోనే తినమంది.

పిల్ల తింది. డబ్బా అంతా తింది. అయినా ఆ చూపు నాకు పడలేదు. ఇప్పటికీ పడదు.